అది షాక్ కాదండీ, పడిపోవడం

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ పత్రిక విజయనగరం జిల్లా పేజీలో, కింద మూలన ఒక చిన్న వార్త వచ్చింది. 'విద్యుదాఘాతంతో లైన్‌మన్‌కు తీవ్ర గాయాలు' అని శీర్షిక, దాని కింద నాలుగు వాక్యాలు. గజపతినగరం వైపు ఒక ఊళ్లో స్తంభం మీద పని చేస్తుంటే షాక్ కొట్టి కింద పడ్డాడని, ఆసుపత్రిలో ఉన్నాడని రాశారు. ఊరి పేరు సరిగ్గానే వేశారు, కుర్రాడి వయసూ సరిగ్గానే ఉంది. శీర్షికే తప్పు.

ఆ కుర్రాడు నాకు తెలిసినవాడు. 2019లో గ్రామ సచివాలయం ఎనర్జీ అసిస్టెంటుగా, అంటే ఊరి లైన్‌మన్‌గా, చేరిన కొత్తలో ఆర్నెల్లు నా వెనకాలే తిరిగాడు. అందుకని సోమవారం పొద్దున్నే వెళ్లి చూసొచ్చాను. వెల్లకిలా పడుకోబెట్టి నడుం కదపొద్దన్నారు. నన్ను చూడగానే వాడన్న మొదటి మాట ఇది: "ఏటి గురువుగారూ, నాకు షాకెక్కడ కొట్టింది? కాలు జారిపోనాది. పేపర్లో అలగెందుకు రాసినారు?"

పక్కనే నేల మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. లేచొచ్చి కొడుకు రెండు అరచేతులూ తిప్పి నాకు చూపించింది. తర్వాత మోచేతులు చూపించింది. "ఒళ్లంతా ఎతికినాను బాబూ, ఎక్కడా కాలినట్టు లేదు. పేపరోళ్లకి ఎవులు సెప్పినారో" అంది. షాక్ కొడితే ఒంటి మీద మచ్చ పడుతుందని ఆవిడకి ఎవరో చెప్పారట. ప్రతి షాకుకీ పడాలని లేదు గానీ, 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టులు, తగిలితే ఆ మచ్చ వెతుక్కోవాల్సింది కాదు. దుప్పటి కొంచెం పైకి తీసి పాదాలు చూశాను. రెండు మడమలూ వంకాయ రంగుకి తిరిగి, వాచి, బూట్ల సైజుకొచ్చి ఉన్నాయి.

జరిగింది చెప్తాను. సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ తీసుకున్నారు, అంటే లైను ఆపామనే లైన్ క్లియర్ అనుమతి. లైనుని విడదీసే ఏబీ స్విచ్ తీశారు. పొరపాటున కరెంటొచ్చినా నేలలోకి పోయేలా రెండు పక్కలా ఎర్త్ రాడ్లు వేశారు. లైన్లో కరెంటు చుక్క లేదు. వాడు తీగల్ని కలిపే జంపర్ ముక్క వేసి, నడుముకున్న బెల్టు విప్పి, దిగడం మొదలుపెట్టాడు. రెండు రోజులు వాన పడింది, స్తంభానికి ఎండ తగలని వైపు పాచి పట్టింది. పాదం జారింది, చెయ్యి ఆగలేదు. అప్పటికి నేలకి పదహారడుగుల ఎత్తులో ఉన్నాడు.

పదహారడుగులంటే ఏం ఎత్తని అనిపిస్తుంది. మేడ మీద పిట్టగోడ కన్నా కాస్త ఎక్కువ. ఆ ఎత్తు నుంచి నేలకి రావడానికి పట్టేది ఒక్క సెకను. నేల తగిలేసరికి మనిషి గంటకి 35 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. మీ రిపోర్టరు గారి బండి ఆ వేగంతో వెళ్లి గోడకి గుద్దుకుంటే వార్త ఇంత చిన్నగా వెయ్యరు కదా!

ఇలా నిలువునా పాదాల మీద పడ్డవాడికి మడమ ఎముకే విరిగిందనుకుంటారు. వాచింది అదే, నొప్పీ అక్కడే. కానీ ఆ దెబ్బ మడమ దగ్గర ఆగదు. కాలి ఎముకల గుండా పైకెక్కి నడుం దగ్గర వెన్నుపూసని నలిపేస్తుంది. మడమలు విరిగినవాడికి నడుం కూడా ఎక్స్‌రే తీసి చూడాలని ఎముకల డాక్టర్లందరికీ తెలుసు. మనకే తెలీదు. ఆ రోజు ఊరివాళ్లు పాపం మంచి మనసుతోనే ఇద్దరు చంకలు, ఇద్దరు కాళ్లు పట్టుకుని లేపి, ఆటోలో కూర్చోబెట్టి, గతుకుల రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లు తీసుకొచ్చారు. వెన్నుపూస నలిగినవాడిని కూర్చోబెట్టి గతుకుల్లో కుదిపితే ఏమవుతుందో తల్చుకుంటేనే నాకు కడుపులో తిప్పేస్తుంది. కాళ్లు ఆడిస్తున్నాడు. దేవుడి దయ.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు. 1983లో ఎలక్ట్రిసిటీ బోర్డులో హెల్పరుగా చేరాను, 2021లో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై దిగాను. చీపురుపల్లి, రాజాం, నరసన్నపేట, టెక్కలి, మళ్లీ విజయనగరం. రాజాంలో ఉన్నప్పుడు అది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరంలో కలిపారు. నాకు మాత్రం రెండూ ఒకటే జిల్లా. బోర్డు పోయి కంపెనీలొచ్చాయి, చేతి డైరీలు పోయి ఫోన్లలో యాప్‌లొచ్చాయి. స్తంభం ఎక్కే పద్ధతి మాత్రం నేను చేరిన రోజు ఎలా ఉందో దిగిన రోజూ అలాగే ఉంది.

ఒక్క మాటకి ఇంత పెద్ద ఉత్తరమా అంటారేమో. ఆ ఒక్క మాట దగ్గరే ఉంది అసలు సంగతి. కాగితం మీద షాక్ అని పడితే మర్నాడు మీటింగ్ పెడతారు. ఎల్సీ తీసుకున్నారా, ఎర్త్ వేశారా, గ్లౌజులు తొడిగారా అని అడుగుతారు. నెల తిరక్కుండా రబ్బరు గ్లౌజుల పెట్టె ఒకటి సెక్షనుకి వస్తుంది. మంచిదే, రావాలి. కానీ ఈ కుర్రాడు ఎల్సీ తీసుకున్నాడు, ఎర్త్ వేశాడు, గ్లౌజులు కూడా వేసుకున్నాడు. వాడికి లేనిది తాడు. పడ్డాడని రాస్తేనే కదా తాడేదీ అని ఎవరైనా అడిగేది. నా 38 ఏళ్ల సర్వీసులో పడిపోవడం గురించి పెట్టిన మీటింగు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. లైన్లో కరెంటు లేదు కాబట్టి ఇది కరెంటు ప్రమాదం కాదు అనేసేవారు. మరేం ప్రమాదం అంటే దానికి పేరు లేదు.

నిబంధనలు రాసినవాళ్లు ఈ రెండూ వేర్వేరు అని ఎప్పుడో గుర్తించారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో, లైను మీద పనిచేసే ప్రతి మనిషికీ గ్లౌజులు, రబ్బరు బూట్లతో పాటు సేఫ్టీ బెల్టు, నిచ్చెన, హెల్మెట్, చేతితాడు ఇవ్వాలని రాసి ఉంది. ఎందుకివ్వాలి? యాంత్రికమైన గాయాల నుంచీ, విద్యుత్ గాయాల నుంచీ కాపాడటానికి. రెండూ పక్కపక్కన పెట్టి రాశారు. 2023లో ఆ నిబంధనలు మార్చి కొత్తవి తెచ్చారు. డిపార్టుమెంటు పరీక్షకి బట్టీ పట్టాను కాబట్టి పాతవి ఇప్పటికీ నోటికి వచ్చు. అందులో మొదటి సగం, అంటే పడటం లాంటి యాంత్రిక గాయాల మాట, మన జిల్లాల్లో ఎవరికీ పట్టలేదు.

అయితే తప్పంతా పైవాళ్ల మీద తోసేస్తే అది అబద్ధం అవుతుంది. షాక్ అని చెప్పేది చాలాసార్లు మేమే. ఎందుకంటే, మా వాళ్లలో షాక్ కొట్టించుకున్నవాడికి ఒక గౌరవం ఉంది. వాడి నుదుటి రాత అలా ఉంది, మృత్యువుని చూసొచ్చాడు అంటారు. పడ్డవాడిని చూసి నవ్వుతారు. లైన్‌మనై ఉండి పడ్డమేమిట్రా అంటారు.

1996లో చీపురుపల్లిలో నేనూ పడ్డాను. స్తంభం మీంచే, దిగేటప్పుడే, బెల్టు విప్పాకే. పదడుగులు ఉంటుంది. ఎడం చెయ్యి నేలకి ఆనించి పడ్డాను, మణికట్టు విరిగింది. ఇంటికెళ్లి మా ఆవిడతో సైకిల్ మీంచి పడ్డానని చెప్పాను. ఆఫీసులోనూ అదే చెప్పాను. ఇరవై రోజులు నా సెలవే వాడుకుని పిండికట్టుతో ఇంట్లో కూర్చున్నాను. ఇప్పటికీ ఆ మణికట్టు పూర్తిగా వంగదు, తువ్వాలు పిండాలంటే ఆవిడే రావాలి. నిజం ఆవిడకి తెలిసింది నా రిటైర్మెంటు ఫంక్షన్లో, ఎవడో మైకులో నవ్విద్దామని చెప్పినప్పుడు. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కొన్నిసార్లు షాక్, పడటం రెండూ ఉంటాయి. లైను ఆపేశాక ఏ ఫంక్షన్ హాల్లోనో జనరేటరు సరిగ్గా కలపకుండా వేస్తారు, ఆ కరెంటు వెనక్కి మన లైన్లోకి వస్తుంది. పైనున్నవాడికి చిన్నగా కొడుతుంది. నేల మీద ఉంటే అబ్బా అని చెయ్యి దులుపుకునేంత. పైన ఆ ఉలికిపాటుకే పట్టు తప్పిపోతుంది. ప్రాణం తీసేది కరెంటు కాదు, కింద ఉన్న నేల. అలాంటిచోట కూడా తాడుంటే మనిషి బతుకుతాడు.

తాడు తాడు అంటున్నాను, బెల్టు ఉంది కదా అంటారు. ఉంది. మా వాళ్లు దాన్ని పైకి వెళ్లాక కడతారు, దిగే ముందు విప్పుతారు. అంటే పని చేసేంతసేపూ ఉంటుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉండదు. మా ఊరి తాటితోపులో కల్లు గీసేవాళ్లని చూడండి. మోకు నేల మీదే వేసుకుంటాడు. నడుం చుట్టూ, చెట్టు చుట్టూ తిప్పి, ఒక్కో అడుగుకీ దాన్ని పైకి ఎగరేసుకుంటూ ఎక్కుతాడు. మళ్లీ నేల తగిలేదాకా విప్పడు. పోయిన వేసవిలో ఒకాయన్ని అడిగాను, పైకెళ్లాక కట్టుకోవచ్చు కదా మావా, అంత శ్రమెందుకని. నాకేసి వింతగా చూసి, "పైకెళ్లినాక కట్టుకోడానికి మద్దిలో పడిపోనామనుకో, ఎవులికి కడతావు?" అన్నాడు. మూడు తరాలుగా చెట్టెక్కే ఇంట్లో తెలిసిన సంగతి, ఇంజినీర్లున్న మా సంస్థకి తెలియలేదు.

ఆ మోకు కూడా చాలదని తెలంగాణలో 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్ష పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అమెరికాలో అయితే విద్యుత్ లైన్ల మీద పనిచేసేవాళ్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పైన అటూ ఇటూ జరిగేటప్పుడు కూడా పడకుండా కట్టుకుని ఉండాలని 2015 ఏప్రిల్ 1 నుంచి రూలు పెట్టారు, వీల్లేదని రుజువు చేస్తే తప్ప. మా చిన్నవాడు ఫోన్లో చదివి చెప్పాడు. నడుముకి మాత్రమే కట్టే బెల్టుని, పడేవాణ్ణి ఆపడానికి వాడకూడదని అక్కడ 1998 నుంచే ఉందట. ఎందుకో నేను చెప్పగలను. పడే మనిషి బరువంతా నడుం దగ్గర ఆ పట్టీ మీద ఒక్కసారిగా ఆగితే పేగులు, నడుం రెండూ దెబ్బతింటాయి. లేదా బెల్టులోంచి జారిపోతాడు. భుజాలకీ తొడలకీ కలిపి ఉండే జీను లాంటిది కావాలి, ఫుల్ బాడీ హార్నెస్ అంటారు. రిటైరయ్యే ముందు మా స్టోర్సులో రెండు చూశాను. ప్లాస్టిక్ కవరు విప్పలేదు. ఆడిట్‌కి చూపించాలని అలాగే ఉంచారట.

హార్నెస్ ఇచ్చి చేతులు దులుపుకున్నా కుదరదు. దాంట్లో వేలాడుతున్న మనిషికి తొడల పట్టీలు బిగిసి, కాళ్లలో రక్తం నిలిచిపోయి, నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. కింద ఉన్నవాడికి అతన్ని దించడం వచ్చి ఉండాలి. కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు, సైకిల్ తొక్కించారు, మీటరు రీడింగ్ తీయించారు. పైన చిక్కుకున్నవాణ్ణి ఎలా దించాలో ఎవరూ చూపించలేదు. నాకూ రాదు, నిజం చెప్పాలంటే.

మన విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడనివాళ్లుండరు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, యాభై అడుగులు దాటిన మాను చివర పూజారి గారు కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతారు. ఆ దారిలో కరెంటు ఆపేసి, అడ్డొచ్చే తీగలు దించే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి దగ్గర్నుంచి చూశాను. ఆయన్ని ఆ చివర ఆసనానికి ఎంత శ్రద్ధగా కడతారో! కట్టాక ఇంకొకరు లాగి చూస్తారు. అమ్మవారు కాపాడుతుందని నమ్ముతూనే ముడి లాగి చూస్తారు. మా కుర్రాడు ఒకడు పక్క స్తంభం మీద రెండు చేతులూ తీగ మీద పెట్టి ఆ వేడుక చూస్తున్నాడు, బెల్టు భుజం మీద వేలాడుతోంది. ఒరే కట్టుకోరా అని అరిచాను. ఆ డప్పుల్లో వినపడలేదు.

బెల్టే ముప్పు తెచ్చిన రోజు కూడా ఒకటి ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మూడో రోజు మా గ్యాంగుని కవిటి వైపు పంపారు. ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస, ఎండ నేల మీద పడని ఊళ్లు. ఆ రోజు అన్నం తినడానికి కూర్చుందామంటే నీడ లేదు. కొబ్బరిచెట్లు తీగల మీద అడ్డంగా పడున్నాయి. మోటార్లు ఆడక నీళ్లు లేవు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మా లారీ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. ఊరికే నిలబడి చూస్తున్నారు. తిడితేనే నయం అనిపించింది.

మాతో పాటు గోదావరి జిల్లాల నుంచి సాయానికొచ్చిన గ్యాంగు ఒకటుంది. వాళ్లలో ఒక హెల్పరు, పాతికేళ్లుంటాయేమో, నిటారుగా నిలబడి ఉన్న స్తంభం ఒకటి చూసుకుని ఎక్కాడు. బెల్టు కట్టాడు. ఒక పక్క తీగల మీద కొబ్బరిచెట్టు పడి లాగుతోంది. రెండో పక్క తీగలు బిగువుగా అలాగే ఉన్నాయి. కొబ్బరిచెట్టు వైపు తీగ కట్ చేశాడు. అంతే, బిగువున్న వైపుకి స్తంభం మనిషితో సహా ఒరిగిపోయింది. మొదట్లో అడుగు ఎత్తున అది అప్పటికే పగిలి ఉంది. ఇసుక, కొమ్మలు కప్పేసి ఎవరికీ కనపడలేదు. రెండు పక్కల తీగలే దాన్ని నిలబెట్టాయి, వాడు అందులో ఒక పక్కది కోసేశాడు. బెల్టు ఉంది కాబట్టి దూకే అవకాశం కూడా లేదు. పడటం పడటం ఒక పెద్ద జీడిచెట్టు మీద పడింది. కొమ్మలు విరుగుతూ విరుగుతూ ఆపాయి. భుజం విరిగి బతికాడు. ఆ చెట్టు యజమాని ముసలాయన వచ్చి, పడిపోయిన తోటలో మిగిలిన ఒక్క చెట్టూ ఇలా ఉపయోగపడింది అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచి నా గ్యాంగులో ఒక పద్ధతి పెట్టాను. ఎక్కే ముందు స్తంభం మొదట్లో అడుగు లోతు తవ్వి చూడాలి. కటింగ్ ప్లయర్‌తో కొట్టి వినాలి. గట్టి సిమెంటు ఖంగుమంటుంది, లోపల పగిలింది డబ్బా చప్పుడు చేస్తుంది. తీగ కోసే ముందు స్తంభం ఒరగకుండా తాత్కాలికంగా తాళ్లతో లాగి స్టే కట్టాలి. సముద్రం పక్క ఊళ్లలో తుపాను లేకపోయినా ఇది తప్పదు. ఉప్పుగాలికి లోపలి ఇనుప తీగలు తుప్పుపట్టి, ఉబ్బి, సిమెంటుని చీల్చేస్తాయి. సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు అలాంటివి నేను చాలా చూశాను. దీనికి ఒక్కో స్తంభానికి పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ పావుగంటకి నేను తిన్న చీవాట్లు లెక్కలేదు. పక్క గ్యాంగు నలభై నిలబెట్టింది, మీరు ఇరవై ఆరే ఏమిటి అని సాయంత్రం ఫోను.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఇది చెప్పకపోతే పైన రాసిందంతా మీకు నీతులు చెప్పినట్టుంటుంది.

2020 ఫిబ్రవరి. చీపురుపల్లి దగ్గర ఒక ఊరు. కాంట్రాక్టరు కింద పనిచేసే కుర్రాడు, 28 ఏళ్లు. స్తంభం నుంచి ఇంటికెళ్లే సర్వీసు వైరు మార్చాలి. వెదురు నిచ్చెన, కింద సిమెంటు రోడ్డు. నిచ్చెన నాలుగడుగులు ఎత్తుకి ఒక అడుగు దూరం పెట్టాలి, కింద ఒకడు పట్టుకోవాలి. పట్టుకోవాల్సినవాణ్ణి నేనే సామాను తెమ్మని పంపాను. తొమ్మిదడుగుల ఎత్తు, అంతే. నిచ్చెన కాళ్లు రోడ్డు మీద జారాయి. కుర్రాడు పక్కకి పడి, తుంటి కాలువ గట్టుకి తగిలింది. ఆ చప్పుడు నేను విన్నాను. చెరకు గడ విరిచినట్టుంది.

సాయంత్రం కాంట్రాక్టరు ఆసుపత్రికి వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు, మొదటి రోజు బిల్లు కట్టాడు. తర్వాత ఒక తెల్ల కాగితం తీశాడు. 'నేను మా ఇంటి మెట్ల మీద జారిపడ్డాను' అని కుర్రాడి చేత రాయించాడు. నొప్పికి ఇంజెక్షను ఇచ్చారు, వాడు మత్తులో ఉన్నాడు. సాక్షులు ఇద్దరు కావాలన్నాడు. నాకు రిటైర్మెంటు ఏడాదిన్నర ఉంది. కేసైతే ఎంక్వైరీ వస్తుంది, నిచ్చెన ఎవరు పట్టుకున్నారని మొదటి ప్రశ్న నన్నే అడుగుతారు, పెన్షను కాగితాలు ఆగిపోతాయి అన్నారు. పక్కనుంచి ఎవరో అన్నారు అని రాస్తున్నాను గానీ, ఎవరూ అనక ముందే అది నా బుర్రలో ఉంది. ఆ కాగితం మీద రెండో సంతకం నాది.

ఆ సంతకం ఖరీదెంతో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం, ఆ సమయంలో నెల జీతం 15 వేల దాకా లెక్కలోకి తీసుకునేవారు. శాశ్వతంగా పూర్తిగా పని చెయ్యలేని స్థితి వస్తే, జీతంలో 60 శాతాన్ని వయసుని బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. 28 ఏళ్లకి అది 211.79. వాడి జీతం కాగితం మీద 15 వేలు, చేతికొచ్చేది వేరే లెండి. లెక్క కడితే 19,06,110 రూపాయలు. వాడిది పూర్తి వైకల్యం కాదు, కుంటుతూ నడుస్తాడు. సంపాదించే శక్తిలో 40 శాతం పోయిందని డాక్టరు రాసి ఉంటే 7,62,444 వచ్చేది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న పెద్ద సంస్థనే అడగొచ్చని ఆ చట్టం 12వ సెక్షనులో ఉండేది. వాడికి ఈఎస్ఐ కార్డు కూడా లేదు. వచ్చింది మొదటి రోజు ఆసుపత్రి బిల్లు, తర్వాత రెండు నెలల జీతం. ఇంటి మెట్ల మీద జారినవాడికి అదే ఎక్కువ అన్నట్టు మాట్లాడారు.

మీ పత్రికలో ఆ శీర్షిక చూసిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది గజపతినగరం కుర్రాడు కాదు, ఈ కుర్రాడు. వాణ్ణి మెట్ల మీద పడేశాం, వీణ్ణి షాకులో పడేశారు. స్తంభం మీంచీ నిచ్చెన మీంచీ పడ్డవాళ్లెవరూ కాగితాల్లో పడ్డట్టుండరు.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. ఈసారి ఇలాంటి వార్త వస్తే మీ విలేకరిని ఒక ఫోను ఎక్కువ చెయ్యమనండి. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, ఎక్కుతూనా దిగుతూనా, దేనికైనా కట్టుకుని ఉన్నాడా, కింద ఎవరైనా ఉన్నారా అని అడగమనండి. పర్మినెంటా, కాంట్రాక్టా, లేక లైన్‌మన్ తన జేబులోంచి రోజుకింతని ఇచ్చి పెట్టుకున్న ప్రైవేటు కుర్రాడా అని కూడా. ఈ మూడో రకంవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు, పుస్తకంలో మాత్రం ఎక్కడా లేరు. జవాబు దొరక్కపోతే, ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు అని రాసినా చాలు.

పాఠకులకి కూడా ఒక మాట. పైన మనిషి ఉన్నప్పుడు కింద నుంచి ఫోను చేసి ఇంకెంతసేపు అనకండి. వాడు ఒక చేత్తో స్తంభం పట్టుకుని రెండో చేత్తో మీ ఫోను ఎత్తుతాడు, ఎత్తకపోతే కంప్లయింటు పెడతారని భయం. మీ ఇంటి ముందు నిచ్చెన వేస్తే వచ్చి కింద కాలు అడ్డం పెట్టి పట్టుకోండి. ఎవరైనా పడితే లేపకండి, కూర్చోబెట్టకండి. 108కి ఫోను చెయ్యండి. బండి వచ్చేదాకా తల, మెడ కదలకుండా ఇద్దరు పట్టుకోండి. మరీ కదపక తప్పకపోతే ఏ తలుపు రెక్కో, బల్లో కిందికి జరిపి, మనిషిని ఒక్క మొద్దులాగా తిప్పి దాని మీదికి చేర్చండి.

నిన్న చీపురుపల్లి వెళ్లాను. ఆ కుర్రాడు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. ఎత్తు స్టూలు మీద కూర్చుంటాడు, తుంటి వంచి కింద కూర్చోలేడు. దావా రెండేళ్లలోపు వెయ్యాలని, తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుందని ఒక లాయరు గారు చెప్పారు. ఆ మాట వాడికి చెప్పాను. కారణం కింద నా సంతకం గురించి నేనే కోర్టులో చెప్తానన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. ఎవరో ఆధార్ కార్డు ఇచ్చి రెండు కాపీలు అడిగితే తీసిచ్చాడు. తర్వాత, "ఇప్పుడెందుకు బాబుగారూ, మా తమ్ముడు ఆ కాంట్రాక్టరు దగ్గరే పనిచేస్తన్నాడు" అన్నాడు. తమ్ముడు స్తంభాలు ఎక్కుతున్నాడా అని అడిగాను. ఎక్కుతున్నాడట. బెల్టు ఇచ్చారా అంటే, ఒకటుంది, నలుగురూ మార్చుకుంటారు అన్నాడు.

వచ్చే బుధవారం మళ్లీ వెళ్తున్నాను, ఈసారి తమ్ముడు ఉన్నప్పుడు. నా పేరు, చిరునామా విడిగా ఒక కాగితం మీద రాసి దీనికి జత చేశాను. ఆ ఇద్దరన్నదమ్ములు ఎవరో పోల్చుకుంటారు కాబట్టి వాటిని పత్రికలో వెయ్యొద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టరు,
కంటోన్మెంట్, విజయనగరం